పెంటికలు లెక్కపెట్టే ఇల్లు

కూకట్‌పల్లిలో ఒక మూడో అంతస్తు ఫ్లాటు. ఏప్రిల్ మొదటి వారం, సాయంత్రం ఆరున్నర. ఆఫీసు నుంచి వచ్చిన నాన్న చేతిలో బూట్ల డబ్బా, దాని మూతకు పెన్నుతో పొడిచిన చిల్లులు. ఆరో తరగతి చదివే కూతురు మూత తీసింది. ఒక మూలకు ఒదిగి, చెవులు వీపుకు అతికించుకుని, ఊపిరి తప్ప మరో కదలిక లేకుండా ఒక తెల్లటి పిల్ల. చూడగానే పేరు పెట్టేసింది: దూది.

సిగ్నల్ దగ్గర బుట్టలో పెట్టుకుని అమ్ముతున్న మనిషి నాన్నకు చెప్పింది రెండే ముక్కలు. "రెండు నెలల పిల్ల సార్. రోజూ ఒక క్యారెట్ పడేస్తే చాలు." ఆ రెండింట్లో ఒక్కటీ నిజం కాదు. వంటింటి త్రాసు మీద దూది 290 గ్రాములు తూగింది. మర్నాడు చూసిన డాక్టరు, "ఐదు వారాలు కూడా నిండలేదండీ, తల్లి దగ్గర ఉండాల్సిన పిల్ల ఇది" అన్నారు.

ఐదు వారాలకూ ఎనిమిది వారాలకూ తేడా ఏముంది అనిపించవచ్చు. కుందేలు పిల్లకు బతుకు, చావు ఆ మూడు వారాల్లోనే ఉన్నాయి. తల్లి కుందేలు రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు, కొద్ది నిమిషాలు మాత్రమే పాలిస్తుంది. ఆ కాసేపట్లో దిగే చిక్కటి పాలే పిల్ల కడుపును క్రిముల నుంచి కాపాడతాయి. పాలు మెల్లగా తగ్గుతూ గడ్డి మెల్లగా పెరుగుతూ వచ్చే కాలంలోనే పేగుల్లో గడ్డిని అరిగించే మేలు బ్యాక్టీరియా కుదురుకుంటుంది. ఆ సంధికాలంలో పిల్లను లాగేసి, బుట్టలో వేసి, ఎండలో నిలబెట్టి, క్యాబేజీ ముక్కలు పెడితే విరేచనాలు పట్టుకుంటాయి. కొన్న వారంలోపే చచ్చిపోయిన కుందేలు పిల్లల కథ మన ఊళ్లలో ప్రతి వీధిలోనూ ఒకటి ఉంటుంది. పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్లు "దాని ఆయుష్షు అంతే" అంటారు. ఆ మాట తప్పు. ఇంట్లో సరిగా పెరిగిన కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది.

డాక్టరు పాపకు ఇంకొకటి చూపించారు. దూది పైపెదవిని వేలితో కొంచెం ఎత్తి టార్చి వేశారు. ముందు రెండు పళ్ల వెనకాల, వాటిని ఆనుకుని, మరో రెండు చిట్టి పళ్లు. ఎలుకకు ఇవి ఉండవు. ఎలుకలతో కలిపి లెక్కేసిన కుందేళ్లను వేరే క్రమంగా విడదీయాలని 1912లో శాస్త్రవేత్తలు వాదించడానికి ఈ పళ్లు కూడా ఒక ఆధారం. మొత్తం పళ్లు 28. అన్నీ బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసేది పీచున్న గడ్డి నమలడమే. క్యారెట్ ఆ పని చేయదు. అందులో ఉన్న చక్కెర పేగులను పాడుచేస్తుంది. అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, క్యారెట్టే దాని తిండి అని జనం వాదిస్తూనే ఉంటారు. బొమ్మల కథల్లో చూసిందే ప్రమాణం అయిపోయింది.

దాని తిండిలో నూటికి ఎనభై పాళ్లు ఎండుగడ్డే ఉండాలి. ఆరు నెలలు నిండేదాకా లూసర్న్ మంచిది, ఎదిగే ఎముకలకు కావలసిన కాల్షియం, మాంసకృత్తులు అందులో ఉంటాయి. ఆ తర్వాత మామూలు గడ్డి. తిమోతీ గడ్డి ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఖరీదు ఎక్కువే. ఈ ఇంట్లో ఆ భారం నానమ్మ తగ్గించింది. మహబూబ్‌నగర్ వైపు పల్లెలో మేకల మధ్య పెరిగిన మనిషి. మందులు కొట్టని, కుక్కలు తిరగని చోటు వెతికి గరిక కోయించి, కడిగి, మేడ మీద నీడలో పరిచి ఆరబెట్టింది. బూజు వాసన తగిలిన పిడికెడును పిడికెడే పారేసేది. బియ్యంలో రాళ్లేరినంత శ్రద్ధగా గడ్డి ఏరేది.

మొదటి మూడు రోజులు దూదిని ఎవరూ ఎత్తుకోకూడదని డాక్టరు ఆంక్ష పెట్టారు. పాపకు అది పెద్ద శిక్ష. కానీ వేటాడి బతికే జంతువుకూ వేటకు బలయ్యే జంతువుకూ తేడా ఇక్కడే ఉంది. పైనుంచి వచ్చే చేయి కుందేలుకు గద్ద కాళ్లలాగే కనిపిస్తుంది. అందుకే పాప నేల మీద బోర్లా పడుకుని లెక్కల పుస్తకం ముందు పెట్టుకుంది. అటు చూడలేదు, పిలవలేదు. రెండో రోజు సాయంత్రం దూది అట్టపెట్టె లోంచి తల బయట పెట్టింది. మూడో రోజు వచ్చి పుస్తకం మూలను గడ్డంతో రుద్ది వెళ్లింది. కుందేలు గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. అలా రుద్దడమంటే ఇది నాది అని ముద్ర వేయడమే. ఆ తర్వాత హాలు మధ్యకు వచ్చి గాల్లోకి ఎగిరి, ఒళ్లు అటొకసారి ఇటొకసారి మెలితిప్పి దిగింది. సంతోషం పట్టలేని కుందేలు చేసే గెంతు అది. పాప ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయింది.

ఎత్తుకోవడం కూడా నేర్చుకోవలసిన పనే. చెవులు పట్టి లేపడం మహా పాపం. కుందేలు అస్థిపంజరం దాని బరువులో ఏడెనిమిది శాతమే, పిల్లికైతే పన్నెండు పదమూడు. ఎముకలు అంత పలచన, వెనక కాళ్ల కండలు మాత్రం గట్టివి. భయపడి గాల్లో ఒక్క తన్ను తన్నిందంటే దాని వెన్నెముకే విరిగిపోవచ్చు. ఒక చేయి రొమ్ము కింద, ఇంకో చేయి పిరుదుల కింద పెట్టి, గుండెకు ఆనించుకోవాలి. పిల్లలైతే నేల మీద కూర్చునే పట్టుకోవాలి.

నానమ్మ ఒక రోజు తెల్లవారుజామున అందరినీ లేపింది. "అయ్యో, ఇది తన పెంటికలు తనే తింటున్నది. కడుపుల ఏదో తేడా ఉన్నది." నిజానికి తేడా ఏమీ లేదు. మేక మింగిన గడ్డిని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరేస్తుంది. కుందేలుకు ఆ వీలు లేదు, దానికి వాంతి చేసుకోవడం కూడా రాదు. గడ్డి పేగుల చివర పులిసి, మెత్తగా, మెరుస్తూ, చిన్న ద్రాక్షగుత్తిలా బయటికొస్తుంది. అందులో బి విటమిన్లు, మాంసకృత్తులు ఉంటాయి. దాన్ని నేలకు తాకనీయకుండానే తినేస్తుంది. గట్టి పెంటికలు వేరు, ఇవి వేరు. ఈ సంగతి విన్నాక నానమ్మ కాసేపు ఆలోచించి, "అంటే ఇది దీని నెమరన్నట్టు" అంది. ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

కుక్కపిల్లకు నొప్పెడితే మూలుగుతుంది, పిల్లి పిల్లకు ఆకలైతే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది. కుందేలు ప్రాణభయంతో కీచుమనడం తప్ప తన బాధను నోటితో చెప్పదు. జబ్బుపడ్డట్టు కనిపించిన కుందేలునే అడవిలో నక్క ముందు పట్టుకుంటుంది కాబట్టి, బాధను దాచుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. ఇంట్లో పెంచేవాళ్లకు కనిపించేవి రెండే: ఎంత తిన్నది, ఎంత వేసింది. ఎదిగిన కుందేలు రోజుకు రెండు మూడు వందల పెంటికలు వేస్తుంది. అవి గుండ్రంగా, ఒకే తీరుగా, నలిపితే పొడి గడ్డిలా రాలాలి. చిన్నవైనా, వెంట్రుకలతో దండ గుచ్చినట్టు వచ్చినా, అసలు రాకపోయినా లోపల ఏదో జరుగుతోందని అర్థం.

ఆరో రోజు రాత్రి దూది మలవిసర్జన చేసుకునే తట్ట దగ్గర నానమ్మ టార్చి పట్టుకుని కూర్చుంది. పాత పేపరు మీద పరిచిన గడ్డిలో పొద్దుటి నుంచి ఆరంటే ఆరు పెంటికలు, మిరియపు గింజలంత. దూది ఉండలా ముడుచుకుని, కళ్లు సగం మూసి కూర్చుంది. ఇష్టమైన కొత్తిమీర రెబ్బ ముక్కు దగ్గర పెట్టినా వాసన చూడలేదు. "మేక గిట్ల కూసుంటే మా నాయిన రాత్రంతా పండుకోకపోయేది. ఫోన్ చెయ్ కొడుకా" అంది.

నాన్న ముందు ఫ్రిజ్ తెరిచాడు. పాపకు జ్వరమొచ్చినప్పుడు డాక్టరు రాసిన అమాక్సిసిలిన్ సిరప్ సగం సీసా మిగిలి ఉంది. రెండు చుక్కలు వేస్తే పోయేదేముంది అనుకున్నాడు. అవతల ఫోన్‌లో డాక్టరు గొంతు పెంచారు: "వద్దండీ! అది నోటితో వేస్తే చచ్చిపోతుంది!" పిల్లలకు మేలు చేసే ఆ మందే కుందేలు పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపి, విషం పుట్టించే క్రిములకు చోటిస్తుంది. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ మందు కూడా అంతే, కుందేలు మీద చల్లకూడదు. ఈ రెండు పేర్లు కుందేలున్న ప్రతి ఇంటి ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించాలి.

ఆ రాత్రే తీసుకెళ్లారు. పేగులో అడ్డేమీ లేదని చూసుకుని, డాక్టరు చర్మం కిందికి గోరువెచ్చటి సెలైన్ ఎక్కించారు, నొప్పి తగ్గడానికి మందిచ్చారు, నానబెట్టి మెత్తగా చేసిన మేతను సిరంజితో కొద్దికొద్దిగా పట్టించారు. కుందేలు పన్నెండు గంటలు తినకపోతే అది అత్యవసరమే. పొద్దున్నే చూద్దాంలే అనుకుంటే పొద్దున చూడటానికి ఏమీ మిగలకపోవచ్చు. మర్నాడు మధ్యాహ్నం మొదటి గట్టి పెంటిక పడింది. పాప దాన్ని కాగితంలో చుట్టి నానమ్మకు చూపించింది. నానమ్మ వేళ్లతో నలిపి చూసి, "ఇగ బతికింది" అంది.

అప్పటికి హైదరాబాద్‌లో ఎండ నలభై డిగ్రీలు దాటింది. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లోని వేడి ఎక్కువగా చెవుల ద్వారానే పోవాలి. ముప్పై డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. దూదికి హాలులో చల్లటి మూల చూసి షాబాద్ బండ పరిచారు. నీళ్ల సీసాను గడ్డకట్టించి తువ్వాల్లో చుట్టి పక్కన పెట్టారు. తాగడానికి మట్టి మూకుడులో నీళ్లు. వాసన వస్తోందని స్నానం చేయించబోయిన నాన్నను డాక్టరు మందలించారు. తడిస్తే ఒళ్లు చల్లబడి, భయంతో గుండె ఆగిపోవచ్చు. తట్టను శుభ్రంగా ఉంచితే వాసనే రాదు. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారతాయి కనుక పాత జంపఖానా పరిచారు. కుందేలు పాదాలకు కుక్క పాదాలకున్న మెత్తటి దిండ్లు ఉండవు, బొచ్చు మాత్రమే. తీగ అడుగున్న పంజరంలో ఉంచితే ఆ పాదాలు పుండ్లవుతాయి. ఛార్జర్ వైర్లన్నీ గొట్టాల్లోకి వెళ్లాయి.

పంజరం లేకుండా, తట్టకు అలవాటు చేసి, ఇంటి మనిషిలా కుందేలును తిరగనివ్వడం ఒక పద్ధతిగా జనంలోకి వెళ్లింది అమెరికాలో. మారినెల్ హారిమన్ 1985లో రాసిన పుస్తకం, ఆమె తోటివారితో కలిసి 1988లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన హౌస్ రాబిట్ సొసైటీ దానికి దారి వేశాయి. ఆ సొసైటీ చెప్పే మాటల్లో అన్నిటికంటే మనకు పనికొచ్చేది పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ సంగతి. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో, నాలుగేళ్లు దాటాక, కొన్ని జాతుల్లో సగానికి పైగా గర్భసంచి క్యాన్సర్ వస్తుంది. జతగా కొంటే ఇంకో చిక్కు. చిన్న పిల్లల్లో ఆడ మగ పోల్చడం కష్టం. నాలుగైదు నెలలకే ఈడుకొస్తాయి, నెల రోజులకే ఈనతాయి, ఈనిన వెంటనే మళ్లీ కట్టగలవు. దూదికి అయిదో నెలలో ఆపరేషన్ అయింది.

పల్లెల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. పొలంలోనో గుట్ట మీదో దొరికిన కుందేలు పిల్ల ఈ జాతి కాదు. తెలుగులో రెంటినీ కుందేలే అంటాం, చెవులపిల్లి అనీ అంటాం. కానీ ఇంట్లో పెరిగేది ఐరోపా నుంచి వచ్చిన జాతి, గుడ్డిగా, బొచ్చు లేకుండా పుడుతుంది. మన అడవి కుందేలు పిల్ల కళ్లు తెరిచి, బొచ్చుతోనే పుడుతుంది. పంచతంత్రంలో సింహాన్ని బావిలోకి దూకించింది, చందమామలో మనకు కనిపించేది ఆ అడవి కుందేలే. గడ్డిలో ఒంటరిగా కనిపించినంత మాత్రాన అది అనాథ కాదు. చీకటి పడ్డాక తల్లి వచ్చి పాలిస్తుంది. దాన్ని పట్టి తేవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. ఎక్కడుందో అక్కడే వదిలి రండి.

వేసవి సెలవులొస్తున్నాయి, సిగ్నళ్ల దగ్గర బుట్టలు మళ్లీ వస్తాయి. పిల్లలు అడుగుతారు. కొనే ముందు పుట్టి ఎన్ని వారాలైందో అడగండి, ఎనిమిది నిండలేదంటే ఆ బుట్ట దగ్గర ఆగకండి. పెట్ షాపు అయితే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదైన కాగితం చూపించమనండి. అన్నిటికంటే ముందు మీ ఊళ్లో కుందేళ్లకు వైద్యం తెలిసిన పశువుల డాక్టరు ఎవరో కనుక్కుని, రాత్రిపూట పలికే నంబరు తీసుకోండి. ఆ నంబరు చేతిలో లేకుండా పిల్లను ఇంటికి తేవద్దు.