కరువు నివేదికలు నేర్పే పాఠం

ప్రభుత్వ ఫైళ్లలో “గత అనుభవాల దృష్ట్యా” అనే మాట తరచు కనిపిస్తుంది. అది ఏ అనుభవం, దాని నుంచి ఎవరు ఏమి గ్రహించారు అని అడిగితే మాత్రం సమాధానం దొరకడం కష్టం. చరిత్ర పాలకులకు మార్గదర్శి అన్న సూక్తిని కాదనేవారు లేరు. కాని చరిత్ర నుంచి తప్పు పాఠం నేర్చుకునే ప్రమాదమూ, నేర్చుకున్న మంచి పాఠాన్ని బీరువాలో పెట్టి మరచిపోయే ప్రమాదమూ ఉన్నాయి. 1880 నాటి కరువు కమిషన్ నివేదికనూ, 1945లో వెలువడిన బెంగాల్ కరువు విచారణ సంఘం నివేదికనూ కలిపి చదివినవారికి ఈ రెండు ప్రమాదాలూ స్పష్టంగా గోచరిస్తాయి.

మొదటి నివేదికకు పూర్వరంగం 1866లో ఉన్నది. నాటి ఒరిస్సాలో కరువు వచ్చినప్పుడు వర్తకులే ధాన్యం తెస్తారని ప్రభుత్వం కాలయాపన చేసింది. మేలుకొనేసరికి వర్షాకాలం ప్రవేశించి ఓడల నుంచి బియ్యం దించడమే దుస్సాధ్యమయింది. సుమారు 10 లక్షల మంది మరణించారు. ఆ అనుభవాన్ని గుర్తుంచుకొని 1873-74లో బీహారులో కరువు సూచనలు కనిపించగానే బర్మా నుంచి భారీగా బియ్యం తెప్పించారు. సహాయ చర్యలకు సారథ్యం వహించిన రిచర్డ్ టెంపుల్ విరివిగా పనులు కల్పించాడు. ఆకలి చావులు బహు స్వల్పం. అయినా ఆయనకు దక్కినది ప్రశంస కాదు. ఖజానాను దుబారా చేశాడన్న నింద.

1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ అదే టెంపుల్‌ను మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు. రాయలసీమ వృద్ధుల నోట ‘ధాత కరువు’గా మిగిలిన కాలమది. ఈసారి టెంపుల్ సహాయ పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికీ, దానిపై కొద్దిపాటి పైకానికీ కుదించాడు. పౌను అంటే అర కిలోకు కూడా తక్కువ. మట్టి మోసే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించిన మీదట, కొన్ని నెలలకు గాని కూలి పెరగలేదు. 1876-78 కరువులో మరణాలు 50 లక్షలు దాటాయని అంచనా. టెంపుల్‌కు కరువు పని తెలియక కాదు. బీహారులో ప్రాణాలను నిలిపినదేమిటో ఆయనకు తెలుసు. తనకు నింద తెచ్చినదేమిటో అంతకంటె బాగా గుర్తున్నది.

ఈ ఘోరం తర్వాత రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 1880లో నివేదిక సమర్పించింది. చదవడానికి అది విసుగు పుట్టించే గ్రంథం. కాని దాని బలం ఆ విసుగులోనే ఉన్నది. అనావృష్టి మొదటి దెబ్బ కూలివాని పని మీద పడుతుందని అది గుర్తించింది. ఆ పునాదిపై 1883లో కరువు నిబంధనావళి ముసాయిదా రూపొందింది. తర్వాత రాష్ట్రాలు తమ తమ నిబంధనావళులు రచించుకున్నాయి. ధరలు పెరగడం, జనం వలస పోవడం వంటి ఏ సూచన కనిపిస్తే ఏ అధికారి ఏమి చేయాలో అవి నిర్దేశించాయి. అయితే నివేదికలో లోపం లేకపోలేదు. పాలకుల విధానంపై సూటిగా బాధ్యత మోపడానికి అది వెనుకాడింది. ధాన్య వ్యాపారంలో జోక్యం కూడదన్న విశ్వాసాన్ని విడువలేదు. సభ్యులు కేర్డ్, సల్లివాన్ తమ భిన్నాభిప్రాయాన్ని నమోదు చేయడం ఈ సందర్భంలో గమనార్హం.

నిబంధనావళి ఉండగానే 1943లో బెంగాల్ ఆకలితో అలమటించింది. 1942లో బర్మా శత్రువుల వశమయింది. ఆ అక్టోబరులో తుపాను మిడ్నపూరును ముంచెత్తింది. యుద్ధకాలపు ధరలు పేదల కొనుగోలు శక్తిని హరించాయి. నిబంధనావళి చెప్పిన ప్రమాద సూచనలు కంటికి కనిపిస్తూనే ఉన్నా ప్రభుత్వం కరువును ప్రకటించలేదు. ప్రకటిస్తే నిర్ణీత ప్రమాణంలో సహాయం అందించక తప్పదు; అందించడానికి ధాన్యం చేతిలో లేదు. పాఠం పుస్తకంలో భద్రంగానే ఉన్నది. దాన్ని తెరవవలసిన చేయి వెనుకాడింది.

జాన్ వుడ్‌హెడ్ అధ్యక్షతన వెలువడిన 1945 నివేదిక మరింత నిర్మొహమాటమైనది. పాలనా వైఫల్యంతో పాటు, బలహీనులను కాపాడుకోలేని సమాజపు నైతిక పతనాన్ని కూడా అది ఎత్తిచూపింది. కాని మరణాలను 15 లక్షలుగా లెక్కించింది. తరువాతి పరిశోధకులు అంతకు చాలా ఎక్కువ చెప్పారు. కొరత కంటె కొనుగోలు శక్తి నశించడమే ప్రధానమని అమర్త్య సేన్ 1981లో నిరూపించబూనినప్పుడు, 1880 నివేదికలోని కూలివాడే తిరిగి మన ముందుకు వచ్చాడు. నూరేళ్లకు పైగా ఆ వాక్యం గ్రంథాలయాల్లోనే ఉన్నది.

స్వాతంత్ర్యానంతరం ఆ పాఠం క్రమంగా చట్టరూపం ధరించింది. 1972-73 కరువు అనుభవం నుంచి మహారాష్ట్ర ఉపాధి హామీ చట్టాన్ని రూపొందించుకున్నది. 2005లో పార్లమెంటు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టాన్ని ఆమోదించింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం ప్రారంభమయినది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ధాత కరువు నాటికి అనంతపురం ప్రాంతం బళ్లారి జిల్లాలో భాగం. కూలి కోసం కార్నిష్ వాదించిన ప్రెసిడెన్సీలో, పని అడగడం హక్కుగా మారడానికి సుమారు 130 ఏళ్లు పట్టింది.

రేపటి విపత్తు నిన్నటి రూపంలోనే వస్తుందన్న హామీ లేదు. 1943 నాటి కరువు అనావృష్టి వల్ల రాలేదు. కనుక పాలకుడు చరిత్రను చదివేటప్పుడు సంఘటనలను కాక, ఆలస్యం ఎక్కడ జరిగిందో, ఎవరి భయం వల్ల జరిగిందో వెదకాలి. సకాలంలో ఖర్చు చేసి ప్రాణాలు కాపాడిన అధికారిని నిందించే వ్యవస్థ, తర్వాతి అధికారికి పిసినారితనాన్నే నేర్పుతుంది. భావి నాయకత్వాన్ని సిద్ధం చేయదలచినవారు ముందుగా దిద్దుకోవలసిన లోపం ఇదే. “గత అనుభవాల దృష్ట్యా” అని రాసే ప్రతిసారీ, ఆ అనుభవం పేరూ, సంవత్సరమూ, అప్పుడు ఆలస్యం చేసిన నిర్ణయమూ కూడా రాయడం అందుకు మంచి ఆరంభం కాగలదు.