నెర్రె వాలు

తొలకరి పడిందంటే మా వజ్రకరూరు చేన్లలో జనం తల దించుకునే నడుస్తారు. ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలు కట్టుకుని వచ్చి, ఎర్రమట్టిలో వజ్రపు మెరుపు కోసం వెతుకుతారు. చిన్నప్పుడు నా ధ్యాస మాత్రం బావి తవ్వేవాళ్ల మీదే. బండ తగలగానే సమ్మెట ఎత్తేవాళ్లు కాదు. గునపంతో తట్టి, చెవి ఒగ్గి వినేవాళ్లు. ఖంగుమంటే గట్టి బండ, డొల్లగా పలికితే లోపల ఖాళీ. నెర్రె ఎటు వాలిందో వేలితో తడిమాకే పని మొదలు.

చీనాబ్ వంతెన గురించి చదివినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

జమ్మూకశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో, నది అడుగు నుంచి 359 మీటర్ల ఎత్తున నిలిచిన రైలు వంతెన అది. పొడవు 1,315 మీటర్లు. 2025 జూన్ 6న ప్రారంభించారు. ఫొటోల్లో అందరి చూపూ 467 మీటర్ల ఉక్కు కమాను మీదే. కానీ కమాను బరువు నేరుగా కిందికి దిగిపోదు, రెండు కొసలా కొండలను నెడుతూనే ఉంటుంది. కొండ కదిలితే కమాను లేదు. అక్కడి కొండలేమో నెర్రెలు బారిన డోలమైటు సున్నపురాయి, పైగా తీవ్ర భూకంపాల సీమ. నెర్రె కొండలోపలికి వాలితే బండ నిలుస్తుంది, నదివైపు వాలితే జారుతుంది.

ఆ రాళ్ల సంగతి పదిహేడేళ్లు పట్టించుకున్నది మన ప్రకాశం జిల్లా ఆడపడుచు, బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ జి. మాధవీలత. తవ్వేకొద్దీ ముందు కనిపించని పగుళ్లు, బొరియలు బయటపడుతుంటే, లెక్కలు మళ్లీ కట్టి డిజైన్ మార్చుకుంటూ పోయారు. వాలులో రంధ్రాలు తొలిచి, ఉక్కు కడ్డీలు దింపి, సిమెంటు పాలు ఎక్కించి బండను బండకు కుట్టారు. గీసుకున్న గీతను రాయి చెప్పినట్టు దిద్దుకోవడానికి ఎంత ఓర్పు కావాలి! నా మటుకు ఆ వంతెనలో కమాను కంటే గొప్ప పని అదే. ప్రారంభం తర్వాత పొగడ్తలు ముంచెత్తితే, వేలమందిలో తానూ ఒకరినేనని ఆమె రాశారు.

సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలకు ఒక మాట. ఈసారి తొలకరికి మా ఊరు రండి. నీళ్లింకిన పాత బావి దగ్గర, పెద్దవాళ్లను తోడు పెట్టుకుని, ఒడ్డున కూర్చోండి. గోడలో నెర్రెలు ఎటు వాలాయో నోటుబుక్కులో గీసుకోండి. ఆ బావి తవ్విన తాత ఊళ్లో ఇంకా ఉంటే, ఎందుకలా వాలాయో ఆయన్ను అడగండి.