నడచువాని తుపాకి

పెన్సిల్వేనియా కొండలలో నవంబరు మాసాంతమున, ఓక్ చెట్ల ఆకులు రాలిపోయి, బీచ్ చెట్ల ఆకులు మాత్రము ఎండియు కొమ్మలను విడువక గలగలలాడుచున్న వేళ, తెల్లతోక జింకల వేటకై బయలుదేరు వారి చేతులలో నేటికిని తఱచుగా కనబడు ఒక విధమైన తుపాకి కలదు. దాని రూపము స్థిరపడి నూటముప్పది యేండ్లు గడచినవి. దానికంటె దూరము కొట్టునవి, దానికంటె సూటిగా కొట్టునవి, దానికంటె చౌకగా లభించునవి అంగళ్ళలో బారులు తీరియున్నవి. అయినను దానిని విడుచుటకు ఇక్కడి వేటగాండ్రలో అనేకులకు మనసొప్పదు. మీట క్రింద వ్రేళ్ళకు పట్టుగా నుండు ఉక్కు వలయమును ముందుకు నెట్టి మరల మూసినంతనే, కాలిన తూటా డొల్ల బయటపడి క్రొత్త తూటా గొట్టములోనికి చేరునట్లు నిర్మింపబడిన ఈ లీవరు తుపాకులపై వారికి గల మమకారమును పాతకాలపు మోజని త్రోసివేయువారు లేకపోలేదు. ఉద్యోగరీత్యా ఈ రాష్ట్రమున స్థిరపడి, పొరుగువారి వెంట అడవి తిరుగుట అలవాటు చేసికొన్న తెలుగువాడను నేను. ఆ మమకారము నాకును అంటినది. దానికి మోజుకంటె గట్టి కారణమున్నదని నా నమ్మకము.

వేటకు వెళ్ళినవాడు తుపాకి ప్రేల్చు కాలమెంత యని యోచించినచో ఆ కారణము దానంతట అదే బోధపడును. వేకువజామున బస విడిచి, వాగుగట్లు దాటి, హెమ్లాక్ చెట్ల నీడలలో నిలిచి, ఱాళ్ళమీదుగా ఎక్కి దిగి, చీకటి పడువఱకు తిరుగు మనుష్యుడు, జింక కనబడగా, అది కాల్చదగినదని నిశ్చయించుకొని, గుఱి నిలిపి మీట నొక్కునది ఒక్క క్షణము. ఆ క్షణమైనను ప్రాప్తింపని దినములే ఎక్కువ. తక్కిన కాలమంతయు తుపాకి మోయబడు వస్తువే. కనుక మోయుటకు అనువైనదే మంచి వేటతుపాకి యని నేనందును. బల్లమీద ఇసుకసంచుల నడుమ నిలిపి పరీక్షించునపుడు తేలెడి యోగ్యతలు, ప్రొద్దు వాలిన పిమ్మట మంచు పట్టిన ఏటవాలున దిగువానికి ఎంతమాత్రమును తోడురావు.

విన్‌చెస్టర్ 94 అను పేరుగల తుపాకి, 20 అంగుళముల గొట్టముతో, మూడు కిలోల చిల్లఱ మాత్రమే తూగును. యంత్రమంతయు ఇమిడియుండు దాని నడిమి ఉక్కుపెట్టె బల్లపరుపుగా, సన్నముగా నుండి, ముందువెనుకల బరువు ఎచ్చట సరితూగునో సరిగా అచ్చటనే పిడికిటిలో అమరును. ప్రక్కకు పొడుచుకొని వచ్చు పిడి లేదు. క్రిందికి వ్రేలాడు తూటాల పెట్టె లేదు. ఒక చేత దానిని పట్టుకొని రెండవ చేత కొమ్మలను తొలగించుకొనుచు పోవచ్చును. బాగుగా వాడబడిన పాత తుపాకిని ఎవరిదైనను తీసికొని చూడుడు: పెట్టె అడుగుభాగమున, ఉక్కుపై వేసిన నీలినలుపు పూత సమసిపోయి, తెల్లని లోహము బయటపడి యుండును. అది త్రుప్పు కాదు. దశాబ్దములపాటు ఒకే చేయి ఒకే తావున పట్టుకొనుటచే, చెమటయు తోలు చేతొడుగుల రాపిడియు కలిసి తీర్చిన నునుపు. వెలుతురున త్రిప్పి చూచినచో ఆ తెల్లదనము అంచులయందు వెండివలె మెఱయుచు, మధ్యకు పోను పోను బూడిదవన్నెకు దిగి, లీవరు కీలు చెంత మరల నలుపులో కలిసిపోవును. మా పొరుగు వృద్ధుని తుపాకిపై అట్టి మచ్చ రెండు తావుల నున్నది; ఒకటి ఆయన తండ్రి పట్టుకొన్న చోటు, రెండవది ఆయనది. తండ్రి చేయి పెద్దదట.

దీనిని రూపొందించినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్. 1855లో యూటాలోని ఆగ్డెన్ పట్టణమున పుట్టి, తుపాకులు చేయు తండ్రి దుకాణమే బడిగా పెరిగిన మేధావి. లీవరు తుపాకులు అంతకుమునుపును కలవు. 1860 నాటి హెన్రీయు, 1866, 1873 సంవత్సరముల విన్‌చెస్టర్‌లును సుప్రసిద్ధములే. కాని వాని పొట్టి తూటాలు జింకవేటకు చాలీచాలనివి. 1894లో వెలువడిన బ్రౌనింగ్ నమూనాయు తొలుత నల్ల తుపాకిమందు తూటాలనే నమ్ముకొన్నది. మరుసటి యేట నికెలు కలిపిన గట్టి ఉక్కుతో గొట్టము చేసి, పొగలేని మందు నింపిన థర్టీ-థర్టీ తూటాను దానికి జతచేసినంతనే దాని భాగ్యము మారినది. నల్ల తుపాకిమందుతో కాల్చినవాడు తన పొగ తనకే అడ్డమై, జింక పడినదో పరుగిడినదో కానక నిలిచిపోవలసి వచ్చెడిది; ఆ తెర తొలగినది. పదునొకండు గ్రాముల గుండు సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగముతో బయలుదేరును. నేటి ప్రమాణములతో అది సామాన్యమే, నాటికి మాత్రము వింత. పదిలక్షలవ తుపాకిని 1927లో అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్‌కు బహూకరించిరి. మొత్తము మీద డెబ్బదిలక్షలకు పైగా తయారైనవి.

దానిలో తూటాలు నింపుటయు ఒక విద్యయే. గొట్టము క్రింద దానికి సమాంతరముగా సాగు మఱియొక సన్నని గొట్టములో తూటాలు ఒకదాని వెనుక నొకటిగా నిలుచును. పెట్టె కుడిప్రక్కన స్ప్రింగురేకు మూతగా గల చిన్న ద్వారము కలదు; తూటా మొనతో ఆ రేకును లోనికి నొక్కి, బొటనవ్రేలితో తూటాను నెట్టవలెను. మొదటిది సులభముగా పోవును. పోను పోను లోపలి స్ప్రింగు ఎదురుతిరుగును. ప్రతి తూటాను కడవఱకు నెట్టివేయక, దాని అంచును ద్వారముననే నిలిపి, తరువాతి తూటాతో దానిని నెట్టించుట తెలిసినవారి పద్ధతి. తెలియనివారి బొటనవ్రేలు గోరు చెంత గీఱుకొని చలిలో రోజంతయు మండును.

లీవరును మాత్రము సుకుమారముగా త్రిప్పరాదు. తెరచునపుడు పెట్టె అడుగు పలకయే క్రిందికి వాలును. వెనుకకు వచ్చు ఉక్కుకడ్డి సుత్తిని వంచి నిలుపును. తూటా అడుగునుండి పైకి లేచును. మూయునపుడు కడ్డి దానిని గొట్టములోనికి త్రోసి, వెనుక నొక ఉక్కుదిమ్మ నిలువుగా లేచి బిగించును. తుపాకి భుజమునుండి దింపకయే, చూపు గుఱినుండి మరల్చకయే ఇదంతయు జరిగిపోవును. జంకుతో సగము తెరచి మూసినవానికి తూటా అడ్డుపడును. ఇక సుత్తిని బొటనవ్రేలితో కొంతదూరము లాగి నిలుపుటకు ఒక మెట్టు కలదు. నడచునంతసేపు పాతవారికి అదియే రక్షణ. జింకను చూచి పూర్తిగా లాగిన సుత్తిని, అది కాల్చుటకు చిక్కక పోయినపుడు, కొంకర్లు పోయిన వ్రేలితో జాఱనీయక మెల్లగా ఆ మెట్టుకు దింపుట ఎంత శ్రద్ధతో కూడిన పనియో చేసినవానికే తెలియును. తండ్రులు బిడ్డలకు ముందుగా నేర్పునది కాల్చుట కాదు, ఇది.

థర్టీ-థర్టీ పరిధి నూటయేబది గజములు. అటుపై గుండు వేగముగా దిగజాఱును. ఇందుకు తుపాకి నిర్మాణములోనే కారణమొకటి ఇమిడియున్నది. తూటాలు క్రింది గొట్టములో వరుసగా నుండుటచే, ఒక తూటా మొన ముందఱి తూటా వెనుకనుండు నిప్పుమందును తాకుచుండును. మొన వాడిగా నున్నచో ఒక్క కుదుపునకు ప్రమాదము సంభవింపవచ్చును. కనుక గుండు మొనను చదునుగా చేసిరి. చదునైన మొనకు గాలి అడ్డుపడును. ఈ శతాబ్ది తొలి దశకమున హార్నడీ సంస్థ మెత్తని ప్లాస్టిక్ మొన గల గుండ్లను తెచ్చి ఆ దూరమును కొంత పెంచినది. వాటిని నేను తప్పుపట్టను, కాని నాకు అవి అక్కఱలేదు. మూడువందల గజముల ఆవల, ఎదుటి కొండవాలున మేయు జింకను దూరదర్శినిలో చూచి కొట్టువానికి ఆ జింక కాళ్ళక్రింద నేల ఎట్లుండునో తెలియదు. లీవరు తుపాకి పట్టినవాడు గాలి ఎటు వీచుచున్నదో కనిపెట్టవలెను, పొడి ఆకులను తప్పించి తడినేలను అడుగు వేయవలెను, జింక తల వంచినపుడు కదలి, ఎత్తినపుడు చెట్టుబోదెవలె నిలిచిపోవలెను. ఎనుబది గజముల దూరమునకు చేరునప్పటికి ఆ మృగమును గుఱించి వాడు నేర్చినది పుస్తకములలో దొరకునది కాదు. తుపాకి శక్తి కొలదిగా నుండుటయే వానిని అడవిలోనికి లోతుగా తీసికొనిపోయినది. నేను దానిని ప్రేమించుటకు ముఖ్యకారణము ఇదియే.

మార్లిన్ వంశమును తలపక ఈ ప్రసంగము సాగదు. 1893 నాటి మూలమునుండి పెరిగి 1948లో 336గా స్థిరపడిన ఆ తుపాకి పెట్టె పైభాగము మూసియుండి, కాలిన డొల్లను కుడిప్రక్కకు విసరును. పైకి విసరు విన్‌చెస్టర్ మీద దూరదర్శిని నిలుపుట కష్టము, దీనిమీద సులభము. జమైకాలో పుట్టిన ఆర్థర్ సావేజ్ న్యూయార్క్ రాష్ట్రపు యుటికాలో నిర్మించిన 1899 నమూనా వీటన్నిటికంటె బుద్ధిసంపన్నమైనది: సుత్తి బయటికి కానరాదు, తూటాలు గుండ్రముగా తిరుగు కండెలో విడివిడిగా నుండుటచే వాడిమొన గుండ్లకును అడ్డులేదు, ఎడమప్రక్కనున్న చిన్న కిటికీలో ఇత్తడి అంకె యొకటి ఎన్ని తూటాలు మిగిలినవో చూపును. ఎంత ముచ్చటైన పనితనమది! ఒకరి చేతి సావేజ్‌ను అడిగి పుచ్చుకొని, ఆ అంకె ఒక్కొక్కటిగా దిగుటను చూచి చాలసేపు తిరిగి ఇయ్యలేకపోయితిని. నా బుద్ధి దానినే మెచ్చును. చేయి మాత్రము 94 వైపే పోవును.

1964లో ఖర్చు తగ్గించుటకై విన్‌చెస్టర్‌వారు కొన్ని భాగములను రేకునుండి అచ్చొత్తి చేయగా, నాటినుండి వేటగాండ్రు ఆ యేటికి ముందువని, తరువాతవని రెండు జాతులుగా చెప్పుకొనుచున్నారు. 2006లో న్యూహేవెన్ కర్మాగారము మూతపడినది. నేడు విన్‌చెస్టర్ పేరుతో వచ్చు 94లు జపానులో తయారగుచున్నవి, పనితనమున మిక్కిలి మేలైనవి. మార్లిన్ 2007లో రెమింగ్టన్ చేతికి పోయి, 2020లో ఆ సంస్థ దివాలా తీసినపుడు రూగర్ వశమై, 336 తిరిగి 2023లో బజారునకు వచ్చినది. కర్మాగారములు మూతపడినను, యజమానులు మారినను, అడుగువారు మిగిలియుండుటచే కదా ఇది సాధ్యమైనది!

పెన్సిల్వేనియాలో జింకవేటకు అర్ధస్వయంచాలక రైఫిళ్ళు నిషిద్ధములు. ఆ నియమమును లీవరు తుపాకి నిలుకడకు ఒక కారణముగా చెప్పవచ్చును. 1963 నుండి 2018 వఱకు థాంక్స్‌గివింగ్ పండుగ తరువాతి సోమవారము వేట ప్రారంభమయ్యెడిది. పల్లెలలో బడులకు సెలవిచ్చెడివారు. 2019 నుండి దానిని శనివారమునకు మార్చిరి. తాతల తుపాకులు ఆనాడు మంచములక్రింది నుండి వెలికి వచ్చి మనుమల చేతికి పోవును.

మన ప్రాంతమునకును ఈ వంశముతో కొంత పరిచయము కలదు. బెంగుళూరున నివసించి, నరభక్షకములైన పులుల వెంట నాటి చిత్తూరు జిల్లా చామల లోయలో తిరిగి, ఆ వృత్తాంతములను గ్రంథస్థము చేసిన కెన్నెత్ ఆండర్సన్ చేతనుండినది బ్రౌనింగే రూపొందించిన 1895 నమూనా విన్‌చెస్టర్. థియొడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాకు కొనిపోయినదియు అదియే. మన దేశమున 1972 చట్టముతో వేట ముగిసినది, ముగియవలసినదే. ఇక్కడి స్థితి వేఱు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఈ దేశమంతట అయిదు లక్షలకు పడిపోయినవనుకొన్న తెల్లతోక జింకలు నేడు మూడుకోట్ల వఱకు నుండునని అంచనా. తూర్పు అడవులలో తోడేళ్ళును కొండసింహములును నశించుటచే, జింకలు మొలకలను మేసివేసి చెట్లను ఎదుగనీయవు. 1937 నాటి చట్టము ప్రకారము వేటతుపాకులపైనను తూటాలపైనను విధించు నూటికి పదునొకండు వంతుల పన్ను వన్యప్రాణుల పునరుద్ధరణకే పోవుచున్నది. ప్రాణము తీయుట తేలిక పని కాదు. తేలికగా తోచినవాడు తుపాకి పట్టరాదు.

పిట్స్‌బర్గులో ఉద్యోగము చేయు తెలుగు కుఱ్ఱవాడొకడు, వేట నేర్చుకొనదలచి, "మామయ్యా, మొదటి తుపాకిగా ఏది కొనమందురు?" అని ఇటీవల నన్ను అడిగినాడు. ముందుగా వేటగాండ్ర శిక్షణ తరగతికి పొమ్మని, పిదప వాడిన 336 నొకదానిని వెదకుమని చెప్పితిని. ఈ తుపాకులకు ఒక నిజమైన లోపము కలదు: మిగిలిన తూటాలను బయటికి తీయవలెనన్న ఒక్కొక్కదానిని లీవరుతో గొట్టములోనికి పంపి తీయవలసినదే, కనుక ఆ వేళ గొట్టము నేలవైపుండవలెను, వ్రేలు మీటకు దూరముగా నుండవలెను. కొనుటకు ముందు సగము మెట్టున సుత్తి గట్టిగా నిలుచుచున్నదో లేదో చూడుమని, గొట్టములోనికి దీపము పట్టి త్రుప్పు వెదకుమని, ద్వారపు రేకు స్ప్రింగు బిగువును బొటనవ్రేలితో పరీక్షింపుమని చెప్పితిని. పెట్టె అడుగున పూత పోయినదని బేరము తగ్గింపవలదని, కొన్న తరువాత దానికి క్రొత్త పూత వేయింపవలదని మాత్రము రెండుమాఱులు చెప్పితిని.