జామెట్రీ ఏడాదిలో రోజుకు మూడు లెక్కలు

అమెరికాలో హైస్కూలు లెక్కలకు ఒక వరస ఉంది. తొమ్మిదో తరగతిలో ఆల్జీబ్రా 1, పదిలో జామెట్రీ, పదకొండులో ఆల్జీబ్రా 2. చురుకైన పిల్లలు ఒకటి రెండేళ్లు ముందుగా మొదలుపెడతారు గానీ వరస మాత్రం ఇదే. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే నాలాంటి తల్లులం కూడా ఎక్కువమంది ఈ దారినే పోతాం. దొరికే పుస్తకాలూ, కాలేజీలు చూసే ట్రాన్‌స్క్రిప్టులూ దాని ప్రకారమే ఉంటాయి మరి.

ఈ వరసలో నన్ను కలవరపెట్టేది మధ్య మెట్టు. ఆల్జీబ్రా 1 పుస్తకం మే నెలలో మూస్తే, ఆల్జీబ్రా 2 తెరిచేది మరుసటి ఏడాది ఆగస్టులో. రెండు వేసవి సెలవులు కలుపుకుంటే పదిహేను నెలలు. అన్నాళ్లూ పిల్లల దృష్టి సర్వసమాన త్రిభుజాల మీద, సమాంతర రేఖల మీద, వృత్తాల మీద ఉంటుంది. ఈలోగా కారణాంకాలుగా విడగొట్టడం, భిన్నాలున్న సమీకరణాలు సాధించడం చేయి జారిపోతాయి. పిల్లలకు తెలివి లేక కాదు, వాడకం లేక.

తెలుగునాట చదువుకున్నవాళ్లకు ఈ ఇబ్బంది కొత్తగా అనిపిస్తుంది. మన పదో తరగతి గణితంలో బహుపదులు, వర్గ సమీకరణాలు, శ్రేఢులు ఉన్న పుస్తకంలోనే సరూప త్రిభుజాలు, స్పర్శరేఖలు, క్షేత్రమితి, త్రికోణమితి కూడా ఉంటాయి. జూలైలో చేసిన బహుపది డిసెంబరులో ఇంకో రూపంలో ఎదురవుతుంది. మరచిపోవడానికి పుస్తకం వ్యవధి ఇవ్వదు.

అమెరికా పెద్దలు కూడా ఒకప్పుడు ఇదే మేలన్నారు. హైస్కూలు చదువు ఎలా ఉండాలో తేల్చడానికి 1892లో హార్వర్డ్ అధ్యక్షుడు చార్ల్స్ ఇలియట్ ఆధ్వర్యంలో పదిమందితో ఒక సంఘం వేశారు. మొదటి ఏడాది బీజగణితం చెప్పి, ఆ తర్వాతి రెండేళ్లూ బీజగణితాన్నీ జ్యామితినీ పక్కపక్కనే నడపాలని దాని నివేదికలో ఉంది. ఆచరణలో మాత్రం రెండూ వేర్వేరు ఏళ్లకు విడిపోయాయి. బడి గోడలు లేని మాకు వాటిని మళ్లీ కలిపే స్వేచ్ఛ ఉంది. దాన్ని వాడుకోకపోతే ఇంటి చదువుకు ఉన్న పెద్ద లాభాన్ని వదులుకున్నట్టే.

మేముండే టెక్సాస్‌లో ఇంటి చదువును ప్రైవేటు బడితో సమానంగా చూస్తారు. 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. చెప్పాల్సిన విషయాల్లో గణితం ఉంది గానీ, ప్రభుత్వ పరీక్ష ఏదీ రాయించనక్కర్లేదు. అందుకే పిల్లలు ఏం మరచిపోతున్నారో కనిపెట్టే బాధ్యత పూర్తిగా మా మీదే పడుతుంది.

జామెట్రీ పుస్తకంలో ఆల్జీబ్రా ఎలాగూ వస్తుంది కదా అని చాలామంది ధైర్యం. నిజమే, వస్తుంది. ఏ మేరకు వస్తుందో చూడాలి. కోణాల అధ్యాయాల్లో వచ్చేవి చిన్న రేఖీయ సమీకరణాలు. పైథాగరస్ దగ్గర వర్గమూలాలు వస్తాయి. సరూప త్రిభుజాల దగ్గర అనుపాతాలు, అప్పుడప్పుడు వర్గ సమీకరణాలు వస్తాయి. నిరూపక జ్యామితిలో వాలు, సరళరేఖా సమీకరణాలు వస్తాయి. ఉపపత్తులు రాసే వారాల్లో దాదాపు ఏమీ రావు. ఘాతాంక న్యాయాలు, మిశ్రమాల లెక్కలు, వేగం-కాలం లెక్కలు అయితే ఏడాదంతా పలకరించవు. కాబట్టి పని రెండు పాళ్లు. జామెట్రీ మోయగలిగిన ఆల్జీబ్రాను దాని చేతనే మోయించాలి. మోయలేనిదాన్ని రోజూ విడిగా సాధన చేయించాలి.

మొదటి పాలుకు మంచి లెక్కలు ఏరుకోవడమే కీలకం. మా అమ్మాయి ఇప్పుడు జామెట్రీలో ఉంది. మొన్న ఇచ్చిన లెక్క ఇది: లంబకోణ త్రిభుజంలో లంబకోణ శీర్షం నుంచి కర్ణం మీదికి లంబం గీశాం. లంబం పొడవు 6. అది కర్ణాన్ని రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క రెండోదానికన్నా 5 ఎక్కువ. ముక్కల పొడవులెంత?

సరూప త్రిభుజాల వల్ల ఆ ముక్కల లబ్ధం లంబం వర్గానికి, అంటే 36కి సమానం. జామెట్రీ ఇక్కడితో ఆగుతుంది. చిన్న ముక్కను ఎక్స్ అనుకుంటే, ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5 ఎక్స్ మైనస్ 36 సున్నాకు సమానం. కారణాంకాలు చేస్తే ఎక్స్ విలువ 4 లేదా మైనస్ 9.

“అమ్మా, మైనస్ 9 కొట్టేయనా?”

“ఎందుకు కొట్టేయాలో చెప్పి కొట్టేయమ్మా.”

“పొడవు కదా, మైనస్ ఎలా ఉంటుంది?”

ఆల్జీబ్రా 1లో అదే సమీకరణానికి రెండు జవాబులూ రాసి వదిలేసేది. ఇక్కడ జవాబును బొమ్మ ముందు నిలబెట్టి పరీక్షించింది. ముక్కలు 4, 9. గుణిస్తే 36 వచ్చిందని తనే సరిచూసుకుంది.

ఇంకొకటి గ్రాఫ్ కాగితం మీద చేయించేది. (0, 0), (8, 0), (2, 6) శీర్షాలుగా త్రిభుజం గీసి, మూడింటి మీదుగా పోయే వృత్తానికి కేంద్రం కనుక్కోమంటాను. రెండు భుజాలకు లంబ సమద్విఖండన రేఖలు కావాలి. మధ్యబిందువు, వాలు, లంబరేఖ వాలు, సరళరేఖ సమీకరణం, ఆ రెండు రేఖలూ కలిసే చోటు, అన్నీ వరసగా చేయాలి. కేంద్రం (4, 2). వ్యాసార్ధం రూట్ 20, అంటే 2 రూట్ 5. ఆ తర్వాత వృత్తలేఖిని పెట్టి వృత్తం గీస్తే మూడు శీర్షాలనూ తాకుతుంది. ఎక్కడైనా గుర్తు తప్పితే తాకదు. జవాబుల పేజీ తిప్పకుండానే తప్పు బయటపడుతుంది.

అసలు ఈ రెండు శాస్త్రాలూ పుట్టుకతోనే చుట్టాలు. పిల్లలు మాటిమాటికీ చేసే తప్పు ఒకటుంది. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసేస్తారు. నోటితో ఎన్నిసార్లు చెప్పినా నిలవదు. చతురస్రం గీసి, భుజాన్ని ఎ, బి అని రెండు ముక్కలు చేసి, అడ్డంగా నిలువుగా గీతలు లాగమంటాను. రెండు చతురస్రాల పక్కన రెండు దీర్ఘచతురస్రాలు కళ్లెదుట కనిపిస్తాయి. మరచిపోయే 2 ఎబి అదే. యూక్లిడ్ తన జ్యామితి గ్రంథం రెండో భాగంలో నాలుగో ప్రతిపాదనగా చెప్పింది ఇదే. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ వర్గ సమీకరణాన్ని వివరించింది కూడా ఇలా చతురస్రానికి తక్కువైన మూలను పూడ్చే. ఆల్జీబ్రా 2లో వర్గం పూర్తిచేయడం వచ్చినప్పుడు ఈ బొమ్మ చూసిన పిల్లలు తడబడరు. మా అబ్బాయి ఇప్పుడు ఆ అధ్యాయంలోనే ఉన్నాడు, సూత్రం కన్నా ముందు బొమ్మ గీస్తాడు.

ఇక రెండో పాలు. కృతులు పాడే స్థాయికి వచ్చినవాళ్లు కూడా పొద్దున్నే సరళీ స్వరాలు పాడుకున్నట్టు, జామెట్రీ పుస్తకం తెరిచే ముందు పది నిమిషాలు ఆల్జీబ్రా చేయాలి. మూడు లెక్కలు చాలు. ఒకటి పోయిన వారం చేసినలాంటిది, ఒకటి పోయిన నెలది, ఒకటి పోయిన ఏడాదిది. మూడూ మూడు రకాలుగా ఉండాలి. ఒకే రకం ఇరవై లెక్కలిస్తే మొదటి రెండింటి తర్వాత చేయి నడుస్తుంది, బుర్ర నడవదు. రకాలు కలిపి ఇస్తే ఏ పద్ధతి వాడాలో ప్రతిసారీ తామే తేల్చుకోవాలి. పరీక్షలో కావలసిన నేర్పు అదే.

దిద్దేటప్పుడు మార్కులు వేయను, తప్పు ఎక్కడ పుట్టిందో చూస్తాను. 5 మైనస్ 2 బ్రాకెట్‌లో ఎక్స్ మైనస్ 3 అన్నప్పుడు, చివర ప్లస్ 6 రావాల్సిన చోట మైనస్ 6 వేస్తే, వారం పాటు మూడో లెక్క అలాంటిదే ఉంటుంది. తప్పుల్ని తేదీ వేసి విడి నోటుబుక్కులో రాయిస్తాను. అదే మా సిలబస్.

పుస్తకాల సాయమూ ఉంది. హెరాల్డ్ జేకబ్స్ జామెట్రీ పుస్తకంలో అధ్యాయాల చివర ఆల్జీబ్రా పునశ్చరణ ఉంటుంది. సాక్సన్ పుస్తకాల్లో రోజువారీ లెక్కల్లో పాతవీ కొత్తవీ కలిసే వస్తాయి. ఏ పుస్తకం తీసుకున్నా ఆ పేజీలను దాటేయకూడదు.

పరీక్షల సంగతి కూడా చెప్పాలి. కాలేజీ ప్రవేశాల కోసం రాసే ఇప్పటి డిజిటల్ శాట్ గణితంలో 44 ప్రశ్నలు. అందులో ఆల్జీబ్రా 35 శాతం దాకా, దాని పైమెట్టు బీజగణితం మరో 35 శాతం దాకా ఉంటాయి. జామెట్రీ, త్రికోణమితి కలిపి 15 శాతం. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కు దారి అయిన పీశాట్ పదకొండో తరగతి అక్టోబరులో వస్తుంది. అంటే జామెట్రీ ముగించి, ఆల్జీబ్రా 2 మొదలైన కొద్ది వారాలకే. ఏడాది పాటు పక్కన పెట్టిన చదువునే ఆ పరీక్ష ఎక్కువగా అడుగుతుంది.

పరీక్షలు లేకపోయినా నా మాట ఇదే. నేర్చుకున్నది తమ దగ్గరే ఉందన్న నమ్మకం ఆ వయసు పిల్లలకు చాలా అవసరం. ఏడాది తర్వాత పాత పుస్తకం తెరిచి ‘ఇదేదీ నాకు రాదు’ అనుకున్న పిల్లలు లెక్కలంటేనే వెనక్కి తగ్గుతారు. జామెట్రీ మొదలుపెడుతున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఆల్జీబ్రా 1 పుస్తకం అమ్మేయకండి, అటక ఎక్కించకండి. చదువుకునే బల్ల మీదే ఉంచి, రేపటి నుంచి రోజూ అందులోంచి మూడు లెక్కలు చేయించండి.