చిత్రకథారచన – పరికరవ్యామోహము

ఇటీవల మన యిండ్లలో నొక క్రొత్త యుత్సాహము బయలుదేరినది. బడికి పోవు బాలబాలికలును, ఉద్యోగములలో నున్న యువతీయువకులును తమంతట తామే చిత్రకథలు గీయబూనుచున్నారు. కామిక్సు అని మనము వాడుకగా పిలుచుచున్న యీ రచన గడులు గడులుగా బొమ్మలు వ్రాసి, వానియందు మాటలు చేర్చి, కథ నడిపించు విద్య. ఈ యుత్సాహము మెచ్చదగినదే. కాని దీనిని గూర్చి పెద్దలాడు మాట యొకటియు, పిన్నలడుగు ప్రశ్న యొకటియు మమ్ము చాలకాలముగా బాధించుచున్నవి. చదువు చెడగొట్టు బొమ్మల పిచ్చి యని పెద్దలందురు. ఏ కలము కొనవలెను, ఏ కాగితము, ఏ టాబ్లెట్టు అని పిన్నలడుగుదురు. చెప్పదలచిన కథ యేదియని మాత్రమెవ్వరును అడుగరు. పెద్దల తిరస్కారమునకును పిన్నల వ్యామోహమునకును మూలమొక్కటే యని మా యభిప్రాయము. ఇరువురును చిత్రకథను చేతిపనిగా మాత్రమే చూచుచున్నారు. ఒక మనస్సు మరియొక మనస్సుతో మాటలాడు మార్గముగా చూచుటలేదు.

ఈ విషయమును ఊరక వాదించుటకంటె, ఔత్సాహికుడై గీసి, ఈ కళకే యాద్యుడని యనేకులచే పరిగణింపబడిన యొకని రచనను పరీక్షించుట మేలు. ఆయన పేరు రొడోల్ఫ్ టొప్ఫెర్. స్విట్జర్లాండునందలి జినీవా నగరమున 1799లో జన్మించెను. తండ్రి చిత్రకారుడు. కుమారుడును ఆ వృత్తినే యవలంబింపగోరెను గాని నేత్రవ్యాధి యడ్డుపడెను. అందుచే ఆయన ఉపాధ్యాయుడయ్యెను. విద్యార్థులకు వసతితో గూడిన పాఠశాల నొకదానిని నడిపెను. పిమ్మట జినీవా విద్యాపీఠమున ఆచార్యుడయ్యెను. తన శిష్యుల వినోదార్థము 1827 మొదలు చిన్నచిన్న చిత్రకథలు గీయసాగెను. అవి చేతివ్రాత పుస్తకములుగా మిత్రులలో తిరుగుచు జర్మను మహాకవి గొయ్‌తే చేతికి చేరెను. ఆ వృద్ధకవి మెచ్చుకొనుట టొప్ఫెర్‌కు ధైర్యము కలిగించినది. 1833లో జాబో యను పెద్దమనిషి కథను అచ్చొత్తించెను. అతడు 1846లో మరణించునాటికి ఆ కథలు ఐరోపాలోనేగాక అమెరికాలోను ప్రచారమునకు వచ్చినవి.

జాబో కథలో గొప్ప వృత్తాంతమేమియు లేదు. చొక్కా రొమ్మున వ్రేలాడు కుచ్చులకు ఫ్రెంచిభాషలో ఆ పేరు. ఆ పేరే కథానాయకునకు పెట్టబడినది. పెద్దకులస్థులలో పెద్దకులస్థునివలె కనబడవలెనని అతని తహతహ. ఒక విందునకు పోవును, తప్పటడుగు వేయును, నవ్వులపాలగును, వెంటనే రొమ్ము విరిచి, కాలు ముందుకు చాచి, మరల ఠీవిగా నిలుచును. ఈ నిలుచు బొమ్మ పుస్తకమునందు మాటిమాటికి వచ్చుచుండును. మొదటిమారు మనము నవ్వుదుము. నాలుగవమారు వచ్చునప్పటికి, ఈ మనుష్యునకు ఎన్ని పరాభవములైనను బుద్ధిరాదని మనకు తెలిసిపోవును. ఒక ప్రహసనకర్త ఒక రంగమంతయు సంభాషణలతో నింపి చెప్పవలసిన సంగతిని ఆయన ఒకే భంగిమను మరల మరల గీసి చెప్పినాడు. ఆ గీత వంకరటింకరగా నుండును. గడుల చుట్టుగీతలైనను కొలబద్దతో గీచినవి కావు. అయినను ఏ గడియందును, జాబో ఇప్పుడేమి తలచుచున్నాడు అను సందేహము చదువరికి కలుగదు. చిత్రకథకు కావలసిన ప్రథమగుణ మిదియే.

ఇక పనిముట్టు మాట. ఆ కాలమున బొమ్మలు అచ్చగుటకు చెక్కుడుపనివాని సహాయము సాధారణముగా కావలసియుండెను. రాతిపై నేరుగా గీసినచో బొమ్మ అచ్చులో కుడియెడమలు తారుమారగును. అక్షరములను తలక్రిందుగా నేర్చుకొన్నట్లు తిరుగవేసి వ్రాయవలెను. టొప్ఫెర్ ఈ చిక్కును తప్పించుకొను మార్గమొకటి యెన్నుకొనెను. ప్రత్యేకముగా సిద్ధపరచిన కాగితముపై జిడ్డుసిరాతో మామూలు కలము పట్టి గీయుట, ఆ గీతను రాతిమీది కెక్కించి అచ్చుతీయుట. బొమ్మయు, క్రింది వాక్యమును ఒకే చేయి, ఒకే కలము, ఒకే ఊపు. నునుపైన ఛాయాభేదములు చూపుటకు ఆ పద్ధతి తగదు. కాని ఆయన కవి అక్కరలేదు. కన్నులకు శ్రమ కలిగించని, చేతివ్రాతవలె వడిగా సాగు గీతయే ఆయనకు కావలసినది. తన లోపమును, తన యవసరమును ఎరిగి పనిముట్టు నెన్నుకొనెను గాని, గొప్ప చిత్రకారులేది వాడుచున్నారో విచారించి కాదు.

ఈ యెన్నిక యెంత సరియైనదో మరియొక రచన సాక్ష్యమిచ్చుచున్నది. ఆయన క్రిప్టోగామ్ కథ 1845లో పారిస్ పత్రిక యొకదానిలో వెలువడినప్పుడు, చెక్కపై చెక్కుటకు వీలుగా షామ్ అను వృత్తిచిత్రకారుడు దానిని తిరిగి గీసెను. షామ్ సమర్థుడే. గీత శుభ్రపడినది, ఆకృతులు కుదురుకొన్నవి. కాని మూలకర్త కలమునందలి ఆ తొందర, ఆ కొంటెతనము చాలవరకు తగ్గినవని మాకు తోచుచున్నది. సాధనము మారినప్పుడు శుభ్రత వచ్చి ప్రాణము పోవుట కలదని దీనివలన తెలియుచున్నది.

ఇంతమాత్రమున టొప్ఫెర్ రచన నిర్దోషమని మేము చెప్పము. 1845లో ముఖలక్షణములను గూర్చి వ్రాసిన గ్రంథమున, శాస్త్రీయమైన చిత్రవిద్యాభ్యాసము లేకున్నను ముఖములు గీచిగీచి భావప్రకటనము నేర్చుకొనవచ్చునని ఆయన వాదించెను. వాదము మంచిదే గాని, చిత్రకారుని యింట పుట్టి, బాల్యము మొదలు బొమ్మలు చూచుచు పెరిగిన కన్ను తన వెనుకనున్న సంగతి ఆయన లెక్కింపలేదు. ఇంతకంటె పెద్దలోపము మరియొకటి కలదు. 1827లో గీసిన వ్యూబ్వా కథలో నాయకుడు ప్రేమించిన స్త్రీకి పేరైనను లేదు. ప్రేమింపబడిన వస్తువు అను నర్థమిచ్చు మాటతోనే కథ అంతటను ఆమె పిలువబడినది. నాయకుడామెను మూటవలె మోసికొనిపోవును. ఆమె కేమి యిష్టమో యే గడియును చెప్పదు. మూర్ఖుడైన ప్రేమికుని వెక్కిరించుటకే కవి యిట్లు చేసెనని సమర్థింపవచ్చును. అయినను, ఒక్క గీతతో జాబో మనస్సు తెరచి చూపిన చేయి ఆ స్త్రీ మనస్సునకు ఒక్క గడియైనను కేటాయింపకపోవుట చేతగాక కాదు, తోచక. ఏ మంచికలమును ఈ లోపమును తీర్పజాలదు. ఎవరి కథ చెప్పదగినది అను విషయమున మన బుద్ధి యెంత విశాలమో చిత్రకథయు అంతే విశాలము.

మన దేశమున ఈ విద్య క్రొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములను చూచినవారికి ఇది విదితము. రామాయణాది కథలు వరుసలు వరుసలుగా చిత్రింపబడి, వాని క్రింద తెలుగు అక్షరములలో వివరణ వ్రాయబడియుండును. ఆ పనివాని కలము వెదురుపుల్ల. మొన చెక్కి, పైన ఉన్నియో గుడ్డయో చుట్టి, దారముతో బిగింతురు. ఆ చుట్ట రంగును పీల్చుకొని నిలువయుంచును. వ్రేళ్లతో నొక్కినకొలది మొనకు దిగును. రంగు ప్రాకకుండుటకై వస్త్రమును కరక్కాయ కలిపిన పాలలో ముంచి సిద్ధపరతురు. ఇనుమును బెల్లపునీటిలో నానవేసి నల్లరంగు తీయుదురు. ఈ పరికరములలో ఒకటియు అంగడిలో చూచి మురిసి కొన్నది కాదు. ప్రతిదియు పనిలోని యొక చిక్కునకు సమాధానముగా పుట్టినది. ఇక మన యాడువారి ముగ్గుల మాట చెప్పనేల? చిటికెడు పిండి, రెండు వ్రేళ్లు, తెల్లవారుజామున వాకిలి. చుక్కల నడుమ తడబడక సాగు ఆ గీతకు ఏ కళాశాలయు పట్టమీయలేదు. మన తరమువారు తలచుకొనదగిన బాపుగారు (1933–2014) కూడ న్యాయశాస్త్రమున పట్టము పొందినవారే.

ఇచ్చట మా తప్పొకటి యొప్పుకొనవలసియున్నది. మే మెరిగిన యొక యింట పదునైదేండ్ల బాలిక యొకతె గీతల నోటుపుస్తకమున, మామూలు బాల్‌పెన్నుతో, తన నాయనమ్మ దినచర్యను చిత్రకథగా గీసినది. తెల్లవారి లేచుట, పాలు కాచుట, అందరు భుజించిన పిమ్మట మిగిలినదానిని తాను తినుట, మధ్యాహ్నము కిటికీకడ ఒంటిగా కూర్చుండుట. మాటలు చాల తక్కువ. ఆ కిటికీ బొమ్మ నేటికిని మా కన్నులముందున్నది. ఆ బాలిక పుస్తకమును మాకు చూపినప్పుడు మేమన్న మొదటిమాట యేమి? "మంచికాగితముపై నల్లసిరాతో గీయరాదా, అమ్మా?" అంతే. ఆమె పుస్తకము మూసికొని లోపలికి పోయినది. కొన్ని నెలల పిమ్మట విచారింపగా, పరీక్షలనాడు ఆ పుస్తకము పాతకాగితములతోబాటు తూకమునకు పోయినదని తెలిసినది. ఆమె అన్నగారికి మాత్రము వేలకొలది రూపాయల టాబ్లెట్టు కొనియిచ్చినారు. దానిపై ఒక్క కథయైనను పూర్తియైనట్లు మేము వినలేదు. ఆ యింటి పెద్దల నననేల? విమర్శకులమని చెప్పుకొను మేమును నాయనమ్మను చూడక కాగితమునే చూచితిమి.

పరికరములు అనవసరమని మా వాదము కాదు. వానిని గూర్చిన విచారణ కథ పిమ్మట రావలెను. మొదలు పెట్టువారికి ఒక పెన్సిలు, తడి తగిలినను చెదరని నల్లసిరా కలమొకటి, సిరా ప్రాకని కాగితము చాలును. జెరాక్సుతో ప్రతులు తీయదలచినవారు లేతబూడిదఛాయలను మానుట మంచిది; అవి ప్రతిలో చెదరిపోవును; నలుపుతెలుపులే నిలుచును. తెలుగున గీయువారు వేరొక సంగతి గమనింపవలెను. మన అక్షరములకు పైన గుడులు, క్రింద వత్తులు ఉండుటచే పంక్తుల నడుమ ఎక్కువ ఎడము కావలెను. బొమ్మ పూర్తిచేసి మిగిలినచోట మాటలిరికించువారు ఈ కారణముచేతనే చదువరిని కష్టపెట్టుచున్నారు. మాటలే ముందు వ్రాసికొని, పిమ్మట బొమ్మకు చోటు చూడవలెను. టాబ్లెట్టు దొరకినవారు నిరభ్యంతరముగా వాడవచ్చును. క్రీటా వంటి సాఫ్ట్‌వేర్ ఉచితముగానే లభించుచున్నది. కాని గీసినదానిని క్షణములో చెరిపివేయు సౌకర్యము వరమును, శాపమును కూడ. తప్పుగీతను సహించి ముందుకు సాగుట నేర్వనివాడు మొదటిగడియందే సంవత్సరము గడుపును.

ప్రోత్సాహమునకు పెద్ద సభలును అక్కరలేదు. జపాను రాజధాని టోక్యోలో 1975 డిసెంబరున ఔత్సాహికులు తాము గీసి అచ్చువేసికొన్న చిత్రకథలను అమ్ముకొనుటకు తొలిసారి కూడినప్పుడు పాల్గొన్న బృందములు 32 మాత్రమే. వచ్చినవారు సుమారు 700 మంది. కామికెట్ అను ఆ సంత తరువాతి కాలమున లక్షలజనమును ఆకర్షించినది. మన గ్రంథాలయములలో సంవత్సరమున కొక్కదినము ఇట్టి కూటము జరిపినచో వ్యయమెంత? నాలుగు బల్లలు, ఒక దారము, ప్రతులు వ్రేలాడగట్టుటకు కొన్ని క్లిప్పులు.

కావున పెద్దలకు మా మనవి యిది. మీ యింటి పిల్లలు గీసిన పుస్తకమును అంగడికి పంపుటకు ముందు ఒక్కమారు విప్పి చదువుడు. అందు మీ యింటి సంగతియే యుండవచ్చును. మీకు తెలియని సంగతియు ఉండవచ్చును. పిన్నలకు మా మాట యిది. చేతికందిన కలముతో ఎనిమిది పుటల కథ యొకటి పూర్తిచేయుడు. ఆ కలము మీకెక్కడ చాలలేదో ఆ కథయే మీకు చెప్పును. అప్పుడు అంగడికి పొండు. ఆ బాలిక మరల మా యింటికి వచ్చినచో కాగితము మాట యెత్తము. కిటికీకడ కూర్చున్న నాయనమ్మ ఏమి తలచుచుండెనో అడుగుదుము.