ఇండ్లుగల యష్టాపదము

పలకమీఁదఁ గాయల నుంచి వంతుచొప్పున నడపు యుద్ధక్రీడ భరతఖండమునకుఁ గ్రొత్త కాదు. ‘అష్టాపద’ శబ్దమే యందుకు సాక్షి. అష్టన్ శబ్దమునకు సంజ్ఞావిషయమున దీర్ఘము విధించిన పాణిని సూత్రము (6-3-125) ఈ పదమునకుఁ జాలును. వరుసవరుసకు నెనిమిదేసి గదులు గలదని యర్థము. క్రీస్తుశకము 7వ శతాబ్దమున బాణభట్టు హర్షచరితమునందుఁ దన ప్రభువు పాలనమునఁ జతురంగముల మోహరింపు అష్టాపదములమీఁదఁ గాక మఱెందును గానరాదని శ్లేషచమత్కారము చూపెను. యుద్ధము లేదు, దాని బొమ్మ మాత్రమే కలదని తాత్పర్యము. ఆ బొమ్మలో నొక కొఱంత యున్నది. 64 గదులలో రాజు, మంత్రి, ఏనుఁగు, గుఱ్ఱము, శకటము, బంటు ఉన్నారు గాని కాఁపుర మున్నవాఁ డొక్కఁడును లేఁడు. దండు నడచు నేలమీఁద నిండ్లు లేవు.

ఈ కొఱంతను దీర్చిన క్రీడ యొకటి 2018 ఫిబ్రవరిలో వెలువడినది. దాని పేరు ‘ఇంటు ది బ్రీచ్’. సబ్‌సెట్ గేమ్స్ అను చిన్నసంస్థకుఁ జెందిన జస్టిన్ మా, మాథ్యూ డేవిస్ అనువారు దీని రూపకర్తలు. కంప్యూటరు తెరముందు ఒక్కఁడే కూర్చుండి యాడునది. పలక వరుస కెనిమిది గదులు గల యష్టాపదమే. భూమిని దొలుచుకొని పైకివచ్చు మహాకీటకములు శత్రువులు. వాని నెదుర్కొనునవి, మనుష్యుఁడు లోనఁ గూర్చుండి నడపు మూఁడు మహాయంత్రములు. కొన్ని గదులలో నిండ్లున్నవి, ఇండ్లలో జనులున్నారు. యంత్ర మొకటి చెడినంతమాత్రమున నోటమి లేదు; ఇండ్లు కూలుటయే యోటమికి దారి. ‘బ్రీచ్’ అనఁగా గోడకుఁ బడిన గండి. ఫిరంగిగుండ్లచేఁ గోటగోడకు గండిపడుట యనఁగా నేమో విజయనగరము, శ్రీకాకుళము మండలములవారికి వివరింపఁ బనిలేదు.

ముందుగా నామవిచారము. ఇట్టి మహాయంత్రములకు ‘రోబో’ యను పేరు లోకప్రసిద్ధము. చెక్ నాటకకర్త కారెల్ చాపెక్ 1920లోఁ బ్రకటించిన నాటకమునుండి యీ పదము వ్యాపించెను. ఆ భాషలో ‘రోబోట’ యనఁగా వెట్టి. కావున రోబో యనఁగా వెట్టివాఁడు, లోన మనుష్యుఁడు లేకయే పనిచేయువాఁడు. భోజుని సమరాంగణసూత్రధారమున యంత్రవిధానాధ్యాయమునఁ జెప్పఁబడిన ద్వారపాలకప్రతిమ మొదలగునవి యీ జాతివి. కాని జపానుదేశమున 1972 నాఁటి ‘మాజింగర్ జెడ్’ కథ మొదలుగా యుద్ధయంత్రము తలలో మనుష్యుఁడు కూర్చుండి నడపుట వాడుకయయ్యెను. 1984లో బల్లమీఁది యాటగాఁ బుట్టిన ‘బాటిల్‌టెక్’, 1991 నాఁటి ‘సూపర్ రోబోట్ వార్స్’, 1995 నాఁటి ‘ఫ్రంట్ మిషన్’ అన్నియు నీ రెండవజాతి యంత్రములతో వంతులవారిగా నాడఁబడునవే.

తెలుఁగున వీనిని ‘యంత్రపురుషులు’ అందుమన్నచో విగ్రహవాక్యముకడనే చిక్కు వచ్చును. ‘యంత్రమే పురుషుఁడు’ అను కర్మధారయము చాపెక్ రోబోకు సరిపోవును. ‘యంత్రముయొక్క పురుషుఁడు’ అను షష్ఠీతత్పురుషము లోనఁ గూర్చున్నవానిని జెప్పును. వాహనమునకును, దానిని నడపువానికిని ఒకే పేరైనచో విమర్శము సాగదు. నిజమునకు నీ యంత్రము చతురంగమునందలి యేనుఁగు, లోనివాఁడు మావటి. కావున యంత్రగజమనియో, అచ్చతెనుఁగున మరయేనుఁగనియో వ్యవహరించుట యుక్తము. క్రీడ యందు దీనికి బలము కూడఁ గలదు. యంత్రము కూలినప్పుడు మావటి చచ్చును. తర్వాతి పోరునకు యంత్రము బాగుపడి వచ్చును గాని దానిని గృత్రిమబుద్ధి నడపును; మావటితో వచ్చిన నేర్పు మావటితోనే పోవును. అనఁగా లోన మావటి యున్నంతకాలము గజము, వాఁడు పోయిన పిమ్మట రోబో.

ఇఁక క్రీడావిధానము. ఇది వైయాకరణులు నడచు దారినే నడచుచున్నది. శత్రువులు మొదట గదులు మాఱి, దేనిని గొట్టనున్నవో చూపి యాఁగును. పిమ్మట ఆడువాఁడు తన మూఁడు గజములను నడపును. అటుపిమ్మట ముందు చూపిన క్రమముననే శత్రువుల దెబ్బలు పడును. ఇందుఁ బాచికలు లేవు. దెబ్బ తగిలిన యి ల్లొక్కొకప్పుడు అదృష్టవశమున నిలుచుట కలదు గాని యది స్వల్పము. ఓడిన పందెమును జెప్పుటకు ‘ఏకపరి’, ‘ద్విపరి’ మొదలగు నవ్యయీభావములను పాణిని (2-1-10) సాధించెను. ఆ పదములతోఁ బాచికలను నిందించు నవకాశ మీ యాటగానికి లేదు. అంతయుఁ గనులయెదుటనే యున్నది. కానక చెడినవాఁడు తన్నుఁ దానే నిందించుకొనవలెను.

ఇందుఁ జంపుటకంటె నెట్టుట ముఖ్యము. శత్రువును బ్రక్కగదిలోనికి నెట్టినచో వాని దెబ్బయొక్క దిక్కు మాఱదు, తగులు చోటు మాఱును. ఇంటికిఁ దగులవలసినది తోడికీటకమునకుఁ దగులును. కదలిక లేమో మూఁడే. వాని పౌర్వాపర్యము మాఱినచో ఫలము తలక్రిందగును. త్రిపాదియందలి సూత్రమును ముందే ప్రవర్తింపఁజేసిన విద్యార్థి యెట్టి రూపమును సాధించునో, ముందు నెట్టవలసినదానిని వెనుక నెట్టినవాఁడు నట్టి ఫలమునే పొందును. ప్రతి పోరునను ఒక్కమాఱు వంతును వెనుకకుఁ దీసికొనుట కనుజ్ఞ యున్నది. ముట్టిన కాయను నడపియే తీరవలె నను చతురంగపుఁ గట్టడికి నలవాటుపడినవారు దీనిని గర్హింతురు కాఁబోలు; శిక్షణమునకు మాత్రము మంచిదే.

పాణినీయమున (5-2-9) ‘అయానయీన’ మను పదము కలదు. కాయల కుడినడక అయము, ఎడమనడక అనయము. ఇట్లు నడచు కాయలు చేరి, పరులకాయలు చొరరాని స్థానము అయానయము. అచటికిఁ గొనిపోఁదగిన కాయ అయానయీనము. ఈ క్రీడలో దానికిఁ దోఁబుట్టువైన స్థాన మొకటి యున్నది. నేల పగిలి క్రొత్తశత్రువు పైకి రానున్న గదిని ముందే చూపుదురు. అచట గజమును నిలిపినచో శత్రువు రాలేదు. నిలిచిన గజమునకు మాత్రము దెబ్బ తగులును. ప్రాచీనుల యయానయము కాయకు క్షేమస్థానము. ఇది గాయపడి కాచు స్థానము. ఇంటివైపు వచ్చు గుండున కడ్డముగా గజమును నిలుపుటయు నిట్టిదే.

తెలుఁగునాఁట నరుగులమీఁద గీచి యాడు పులిజూదమును దీనిప్రక్క నుంచిచూడవలెను. (జూదమని పేరేగాని పందెము లేదు, మనువు నిషేధించిన ద్యూతమున కిది రాదు.) అం దున్నవి 23 స్థానములు, 3 పులులు, 15 మేఁకలు. బలముగల మూఁడు బలములేని పదునైదింటిని భక్షింపఁజూచును. ఆ పదునైదు కలసి మూఁటిని గట్టివేయఁజూచును. ఇచ్చటను బలముగలవి మూఁడే. కాని యవి కదలలేని యిండ్లకొఱకు నిలుచును. పులిని మేఁకకుఁ గావలి పెట్టినట్లున్నది. ఆట తెలిసిన పల్లెవృద్ధునకు నీ మార్పు నొక్కమాటలోఁ జెప్పిన నందును.

బొబ్బిలి వృత్తాంతము నీ సందర్భమునఁ దలఁచుట యనుచితమని కొందఱు తలంపవచ్చును. ఆటకాయలకును, నిజముగాఁ జచ్చినవారికిని సామ్యము చెప్పుట యిటఁ దలఁపు కాదు. యుద్ధమును జెప్పు పద్ధతులను బోల్చుటయే. 1757 జనవరి 24వ తేదీని ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతోను, విజయనగరప్రభువు పెదవిజయరామరాజు బలములతోను బొబ్బిలికోటను ముట్టడించిరి. కోట నిలువదని తేలినప్పుడు లోనివారు స్త్రీలను, బాలురను స్వహస్తములతో వధించి, యిండ్లకు నిప్పుపెట్టిరి. రంగరాయఁడు పోరి కూలెను. కొలఁదిదినములకే తాండ్ర పాపరాయఁడు శత్రుశిబిరమునఁ జొచ్చి విజయరామరాజును గుడారముననే చంపెను. దిట్టకవి నారాయణకవి దీనిని రంగరాయచరిత్రముగాఁ బ్రబంధించెను. జంగముకథగా జనులలోఁ బాడఁబడినది.

ఈ కథను జతురంగపుఁబలకమీఁదఁ జెప్పఁబూనినచో నేమి మిగులును? ఫిరంగి యొక శకటమగును, పాపరాయఁ డొక గుఱ్ఱమగును, రాజునకు కట్టు పడును. కోటలోని యిండ్లు రావు. వానిలోనివారు రారు. ఆ దినమున గెలిచిన దెవరని యడిగినచోఁ జతురంగము వెంటనే యుత్తర మిచ్చును. బొబ్బిలికథ విన్నవాఁ డట్లీయలేఁడు. కాలుచున్న యంతఃపురము పలకమీఁద లేనందుననే చతురంగమున కంత నిస్సంశయత చిక్కినది. ‘ఇంటు ది బ్రీచ్’ ఆ నిస్సంశయతను వదలుకొనెను. శత్రువులను వధించియు నిండ్లు పోఁగొట్టుకొన్నవాఁడు తనకుఁ జేటు కలిగినదని యొప్పుకొనవలెను. కొందఱు శత్రువులను బోనిచ్చియు నిండ్లు కాచినవాఁడు బాగుగా నాడినవాఁడు. ‘సూపర్ రోబోట్ వార్స్’, ‘ఫ్రంట్ మిషన్’ మొదలగువానిలో నాయుధముల కూర్పు, కథావిస్తరము నింతకంటె గొప్పవే. వానియందు నింటిని గాచుట యేదో యొక ఘట్టమున వచ్చును. ఇం దది ప్రతివంతునను వచ్చును. చదువుకొను బాలుర చేతులలోని ఫోనులయందు యుద్ధక్రీడలు మెండైన యీ దినములలో నీ భేదమును పాఠశాలపండితు లుపేక్షింపరాదు. ఏ యాటను నిషేధింపవలెనని యడుగుటకంటె, గెలుపును దేనితోఁ గొలుచుచున్నదని యడిగించుట మేలు.

అట్లని కొలత యంతయు సరిగా నున్నదనరాదు. ఇండ్లేల కాపాడఁదగినవి యన్న ప్రశ్నకుఁ గ్రీడ యిచ్చు సమాధానము లోపభూయిష్ఠము. ప్రతి యిల్లును విద్యుచ్ఛక్తికి నెలవుగా లెక్కింపఁబడినది. ఇండ్లు కూలినకొలఁదియు నా శక్తి తఱుగును, సున్నకు వచ్చినచో నోటమి. గజములు జనులకొఱకా, జనులు గజములకొఱకా యన్నచోఁ బ్రధానము గుణీభూతమైనది. ముగింపున రక్షింపఁబడిన జనసంఖ్యను జెప్పుట కొంత పరిహారమే గాని, ఆటనడుమఁ గన్నులు చూచునది శక్తికొలతనే.

రెండవ లోప మింతకంటెఁ బెద్దది. ఓటమి తప్పనప్పు డొక మావటి కాలమునందలి గండిగుండ మఱియొక కాలమునకు దుమికి, తన నేర్పును వెంటఁగొనిపోయి, పోరును మొదటినుండి సాగించును. ఆడువానికిది యూఱట. వెనుక విడువఁబడిన పలకమీఁది యిండ్లగతి యేమయ్యెనో చూపఁబడదు. బొబ్బిలియందును రంగరాయని కొడుకైన బాలుని నొక వృద్ధుఁడు మంటలనుండి తప్పించెను. ఆ వంశ మట్లే నిలిచినది. అయినను దిట్టకవి యా బాలునితోఁ గోట దాఁటిపోలేదు, జంగములును బోలేదు. కోటలోఁ జచ్చినవారిని జెప్పి, వారికొఱకే పాపరాయని గుడారమునకుఁ బంపిరి. క్రీడాకర్త లోడిన పలకపైఁ దెరదించిరి. 2022 జూలైలో వెలువడిన పెంపుడుకూర్పునఁ గ్రొత్తగజములు, క్రొత్తయాయుధములు, క్రొత్తశత్రువులు చేర్పఁబడి, క్రీడ నెట్‌ఫ్లిక్స్‌వారి ద్వారమునఁ జేతిఫోనులకును వచ్చినది. ఈ లోపము మాత్ర మట్లే యున్నది.