ప్రసారానికి ముందు

ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యే ముందు వచ్చే సంగీతంలో పల్లవి లేదు, చరణం లేదు, తబలా లేదు, మృదంగం లేదు. తంబుర మోగుతూ ఉంటుంది. దాని మీద వయొలిన్ ఒక చిన్న వరుస పలికి ఆగుతుంది, మళ్లీ పలుకుతుంది. అంతే. రేడియో కాలంలో పెరిగిన తెలుగువాళ్లను ఎవరినైనా అడగండి, అచ్చు గుద్దినట్టు నోటితో తీసి వినిపిస్తారు.

తెల్లవారుజామున పరుగుకు వెళ్లేటప్పుడు నేను ఎక్కువగా వినేవి ఇలాంటి పాత రేడియో, టీవీ సంగీతాలే. పరుగు అందుకున్న కాసేపటి వరకు ఊపిరిది ఒక దారి, కాళ్లది ఒక దారి. అప్పుడు గట్టి దరువున్న పాట పెడితే కాళ్లు దాని వెంటపడతాయి, సత్తువంతా ముందే ఖర్చయిపోతుంది. ఈ సంగీతం అలా తరమదు. తాళం లేదు గనక కాళ్ల జోలికి రాదు. తంబుర శ్రుతి మాత్రం ఊపిరి కింద పీట వేసినట్టు నిలబడుతుంది. అలా వినగా వినగా దీని పనితనం మీద నాకు గురి కుదిరింది.

దీన్ని కట్టినవాడు వాల్టర్ కౌఫ్‌మన్. 1907లో బొహీమియాలోని కార్ల్స్‌బాద్‌లో పుట్టిన యూదు. నాజీల నీడ కమ్ముకుంటున్న యూరప్‌ను వదిలి 1934లో బొంబాయి చేరాడు. 1937 నుంచి 1946 దాకా అక్కడి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూశాడు. మన సంగీతాన్ని ఆయన పైపైన చూసి వదిలేయలేదు. అమెరికాలో స్థిరపడ్డాక ఉత్తరాది రాగాల మీద 1968లో, దక్షిణాది రాగాల మీద 1976లో పెద్ద గ్రంథాలే తెచ్చాడు. వయొలిన్ వాయించింది జుబిన్ మెహతా తండ్రి మెహ్లీ మెహతా అంటారు.

రాగం శివరంజని. మధ్యమం, నిషాదం లేకుండా అయిదే స్వరాలు. ఆ సాధారణ గాంధారం తగలగానే గొంతు పూడుకుపోతుంది. 1978లో దాసరి ‘శివరంజని’కి రమేష్ నాయుడు సంగీతం చేశాక తెలుగు చెవికి ఈ రాగం వేదనకు మారుపేరైపోయింది. మరి అదే రాగం రేడియోలో పొద్దున్నే వినిపిస్తే ఏడుపు రాదేం? కమాను నడిచిన తీరులో ఉంది కిటుకు. మన విద్వాంసులు అదే వరుస వాయిస్తే గాంధారాన్ని ఊపి, జార్చి, దాని చుట్టూ తిరుగుతారు. ఇక్కడ స్వరాన్ని పాశ్చాత్య పద్ధతిలో నిటారుగా పట్టుకుని, నిండుగా మోగించి వదిలేస్తారు. రాగంలోని ఆర్ద్రత మిగిలింది, శోకం పోయింది. తెల్లవారే వేళకు కావలసిందీ అదే.

పైగా ఇది అవసరం కోసం చేసిన వస్తువు. ప్రసారం ఎప్పుడు మొదలు కావాలో గడియారం చెబుతుంది. అప్పటిదాకా సంగీతం తిరుగుతూనే ఉండాలి, ఎక్కడ ఆపినా తెగినట్టు వినిపించకూడదు. తాళం ఉంటే ఆవర్తం సగంలో తెగుతుంది. పాట అయితే చరణం సగంలో తెగుతుంది. ఇక్కడ వయొలిన్ ఆగిన ప్రతిచోటా ముగించవచ్చు, అక్కడే మళ్లీ ఎత్తుకోనూ వచ్చు. ఆ అతుకు కనబడకుండా తంబుర కప్పేస్తుంది. ఇంకోటి, పాత వాల్వు రేడియో వేడెక్కి పలకడానికే కాసేపు పట్టేది. ఆపైన ముల్లు అటూ ఇటూ తిప్పి స్టేషన్ పట్టుకోవాలి. గరగరల మధ్య మాటలు పోల్చుకోవడం కష్టం. ఎడతెగని శ్రుతి అయితే ముల్లు సరిగ్గా కూర్చుందో లేదో చెవికి ఇట్టే తెలిసిపోతుంది. కౌఫ్‌మన్ ఇదంతా ఆలోచించే చేశాడో, చేయి తిరిగినవాడు గనక అలా కుదిరిందో గాని, ఈ పనికి ఇంతకన్నా ఒదిగే సంగీతాన్ని నేను ఊహించలేను.

ఇక టీవీ సంగతి. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుంచి విడిపడింది. దాని సంగీతం పండిట్ రవిశంకర్‌ది, షెహనాయి ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్‌ది. రవిశంకర్ 1945లో ‘సారే జహాఁ సే అచ్ఛా’కు తాను కట్టిన బాణీనే తీసుకుని నెమ్మదిగా సాగేలా మలిచాడు. తెర మీద వంపులు తిరుగుతూ తిరుగుతూ దగ్గరై కన్నుగా కూడుకుంటాయి. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో చదువుకున్న దేవాశిష్ భట్టాచార్య గీసిన చిహ్నం అది. బొమ్మ, బాణీ రెండూ ఒకే నడకలో సాగడం గొప్ప సంగతి. హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబర్‌లో వచ్చింది. మనవాళ్లు ఆ కన్ను కూడుకునేదాకా రెప్పవేయకుండా చూశారు. అయితే పనితనం తూచమంటే నా తూకం రేడియో వైపే మొగ్గుతుంది. దూరదర్శన్ సంగీతం ఒక సంస్థ హుందాతనాన్ని చాటుతుంది. రేడియోది ఏదీ చాటదు, వినేవాణ్ని సిద్ధం చేస్తుంది.

పరుగు కుదుటపడి ఒళ్లు తేలికైనాక మాత్రం నాకు ‘మాల్గుడి డేస్’ కావాలి. ఎనభైల నడుమ శంకర్‌నాగ్ ఆర్.కె. నారాయణ్ కథల్ని తెరకెక్కించినప్పుడు శీర్షిక సంగీతం ఎల్. వైద్యనాథన్ చేశాడు, బొమ్మలు రచయిత తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్ గీశాడు. ఇందులో లయ ఉంది, అయినా తొందర లేదు. మాటల్లేని గొంతు ఒకటి తానతాన అంటూ కూనిరాగం తీస్తుంది, బడి వదిలిన పిల్లవాడు వీధి వెంట తనలో తాను పాడుకున్నట్టు. కథలో పదేళ్ల స్వామి ఉన్నాడని దీన్ని వింటేనే తెలిసిపోతుంది. మాటలు పెట్టి ఉంటే అది ఏదో ఒక భాష పాట అయ్యేది. పెట్టలేదు గనక హిందీ రాని ఇళ్లలోనూ అందరి నోటా ఆడింది. ఆగుంబెలో చిత్రీకరించిన ఆ ఊరు తెలుగు ఊరని నమ్మినవాళ్లు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు. ఆ నమ్మకంలో సగం వాటా వైద్యనాథన్‌దే.